గాజు పోగును లాగే బలం స్ఫటికాలను పెంచుతుందా, తగ్గిస్తుందా?

ప్రశ్న: గిండీ విద్యార్థిని (చెన్నై)

అందరికీ నమస్కారం. నేను చెన్నైలో ఫ్లోరైడ్ గాజు పోగుల మీద పరిశోధన చేస్తున్నాను. జిర్కోనియం, బేరియం, లాంథనం, అల్యూమినియం, సోడియం ఫ్లోరైడ్‌లను కలిపి కరిగించి చేసే ఈ గాజును జెడ్‌బ్లాన్ అంటారు. 1970ల మధ్యలో ఫ్రాన్సులోని రెన్ నగరంలో పూలాన్ సోదరులు, జాక్ లూకా ఈ కుటుంబానికి చెందిన గాజులను కనుగొన్నారు. ఘన సిలికా ఫైబర్‌లో కాంతి నష్టం ఎంత తగ్గించినా కిలోమీటరుకు 0.14 డెసిబెల్ దగ్గర ఆగిపోతుండగా, ఈ గాజులో 2.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అది సిద్ధాంతరీత్యా 0.01 డెసిబెల్ దాకా దిగవచ్చునన్న ఆశే ఇన్నేళ్లుగా పరిశోధకులను దీని వెంట నడిపిస్తోంది. ఆ ఆశకు అడ్డుపడుతున్న వాటిలో ముఖ్యమైనవి పోగులో ఏర్పడే సూక్ష్మ స్ఫటికాలు. ఈ గాజు మెత్తబడటం సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది, వేడి చేస్తూ పోతే సుమారు 350 దగ్గర స్ఫటికీకరణ మొదలవుతుంది. పోగు లాగడానికి మనకు మిగిలేది ఈ మధ్యనున్న ఇరుకు సందు మాత్రమే.

నా సందేహానికి మూలం రెండు పరిశీలనలు. మొదటిది: ఒకే ప్రీఫారం (పోగుగా లాగే లావుపాటి గాజు కడ్డీ) నుంచి, ఒకే వేగంతో, రెండు వేర్వేరు టెన్షన్‌ల దగ్గర పోగు లాగి, ఎర్రని లేజర్ కాంతిని లోపలికి పంపి పక్కనుంచి చూస్తే, తక్కువ టెన్షన్‌తో లాగిన పోగులో వెలుగు చిమ్మే చుక్కలు స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. రెండవది: ఎక్కువ టెన్షన్‌తో లాగిన పోగునే తీసుకుని, పై కోటింగ్ తొలగించి, 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న స్టీలు కడ్డీకి చుట్టి, పొడి ఆర్గాన్ వాయువులో 290 డిగ్రీల దాకా వేడి చేసి చల్లార్చాక సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, స్ఫటికాలు వంపు లోపలి వైపునే, అంటే నొక్కుకుపోయిన వైపునే, బారులు తీరి ఉన్నాయి. అదే పోగు ముక్కను వంచకుండా నిటారుగా వేడి చేసినప్పుడు అంతగా లేవు.

ఈ రెండింటినీ కలిపి చూస్తే, లాగే ప్రతిబలం (వైశాల్యం మీద పడే బలం) స్ఫటికాలను అణచివేస్తుందనీ, నొక్కే ప్రతిబలం వాటిని ప్రోత్సహిస్తుందనీ అనిపిస్తోంది. స్ఫటికం గాజు కన్నా సాంద్రమైనది కాబట్టి, నొక్కితే సాంద్రమైన రూపం వైపు మొగ్గడం సహజమే కదా అని మా ప్రయోగశాలలో కొందరు అంటున్నారు. ఈ వాదన సరిపోతుందా? యాంత్రిక ప్రతిబలానికి స్ఫటికీకరణ మీద నిజంగా ఎంత పట్టు ఉంది? గాజు పోగుల పని తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం 1: స్నిగ్ధ (బెంగళూరు)

మీ రెండు పరిశీలనలూ విలువైనవే. కానీ రెండింటిలోనూ ప్రతిబలంతో పాటు మరొకటి కూడా మారింది, మొదట దానిని విడదీయాలి.

టెన్షన్ అనేది మనం నేరుగా తిప్పే మీట కాదు. పోగులో లాగుడు బలం అంటే గాజు స్నిగ్ధత (పారడానికి అది చూపే నిరోధం), సాగే రేటు, అడ్డుకోత వైశాల్యం, ఈ మూడింటి లబ్ధానికి మూడు రెట్లు. వేగాన్నీ వ్యాసాన్నీ మార్చకుండా టెన్షన్ తగ్గించారంటే, మీరు చేసింది ఫర్నేస్ ఉష్ణోగ్రత పెంచడమే. జెడ్‌బ్లాన్ విషయంలో అది చాలా పెద్ద మార్పు, ఎందుకంటే ఈ గాజు స్నిగ్ధత కొన్ని పదుల డిగ్రీల్లోనే లక్షల రెట్లు పడిపోతుంది. అణువులు కదిలే స్వేచ్ఛ కూడా దాదాపు అదే లెక్కన పెరుగుతుంది. కనుక తక్కువ టెన్షన్ పోగులో మీరు చూసిన అదనపు చుక్కలు ఎక్కువ వేడికి వచ్చినవని చెప్పడానికి మరే సిద్ధాంతమూ అవసరం లేదు. ఉష్ణోగ్రతను స్థిరంగా ఉంచి, ప్రీఫారం దించే వేగాన్నీ పోగు చుట్టే వేగాన్నీ ఒకే నిష్పత్తిలో పెంచి టెన్షన్ పెంచుదామంటే, వ్యాసం నిలుస్తుంది గానీ గాజు వేడిలో గడిపే కాలం తగ్గిపోతుంది. అంటే డ్రా టవర్ (పోగు లాగే యంత్రం) మీద ఏ మీట తిప్పినా ప్రతిబలంతో పాటు ఉష్ణోగ్రతో, కాలమో మారి తీరుతుంది. ఈ ప్రశ్నకు శుద్ధమైన సమాధానం డ్రా టవర్ మీద దొరకదని నా అభిప్రాయం.

ఇక సాంద్రత వాదన. దిశ సరైనదే, పరిమాణం చూడాలి. పూర్తి లెక్కకు కావలసిన సంఖ్యలు బాగా తెలిసిన గాజు లిథియం డైసిలికేట్ కాబట్టి దానినే తీసుకుంటాను. అది మెత్తబడే ఉష్ణోగ్రత సుమారు 455 డిగ్రీలు, దాని స్ఫటికం కరిగేది 1033 డిగ్రీల దగ్గర. మెత్తబడే ఉష్ణోగ్రత పరిసరాల్లో స్ఫటికంగా మారడానికి ఉన్న చోదక శక్తి ఘనపు మీటరుకు 30 నుంచి 40 కోట్ల జౌళ్ల స్థాయిలో ఉంటుంది. ఇప్పుడు మామూలు 125 మైక్రోమీటర్ల సిలికా పోగును 100 గ్రాముల టెన్షన్‌తో లాగామనుకుందాం. ప్రతిబలం సుమారు 80 మెగాపాస్కల్. సిలికా యంగ్ గుణకం 72 గిగాపాస్కల్ కాబట్టి, పోగులో నిలువ ఉండే స్థితిస్థాపక శక్తి ఘనపు మీటరుకు 45 వేల జౌళ్లకు మించదు. చోదక శక్తి ముందు అది పది వేలలో ఒక వంతు మాత్రమే. ఘనపరిమాణం మారేటప్పుడు ప్రతిబలం చేసే పని ఇంతకన్నా పెద్దది. అదే ప్రతిబలం దగ్గర, స్ఫటికం 5 శాతం సాంద్రమైనదనుకుంటే, సుమారు 13 లక్షల జౌళ్లు, అంటే చోదక శక్తిలో అర శాతం కన్నా తక్కువ.

అర శాతమే కదా అని పూర్తిగా తోసిపుచ్చలేం, ఎందుకంటే బీజం, అంటే స్ఫటికపు తొలి మొలక, ఏర్పడటానికి దాటవలసిన శక్తి అవరోధం చోదక శక్తి వర్గానికి విలోమంగా మారుతుంది. పైగా ఆ అవరోధం ఘాతాంకంలో కూర్చుంటుంది. అయినా లెక్క వేస్తే బీజాలు పుట్టే రేటు కొన్ని పదుల శాతం అటూ ఇటూ అవుతుందే తప్ప, పది రెట్లో వంద రెట్లో మారదు. మీ వంచిన పోగులో ప్రతిబలం ఇంకా ఎక్కువ. జెడ్‌బ్లాన్ యంగ్ గుణకం సుమారు 54 గిగాపాస్కల్, మీ వంపులో అంచు దగ్గర వికృతి 0.6 శాతం, కాబట్టి దాదాపు 330 మెగాపాస్కల్ వస్తుంది. అది చివరిదాకా నిలిచి ఉంటే లోపలి వైపు బీజాల రేటు రెండు మూడు రెట్లు పెరగడం నమ్మదగిన మాటే.

కానీ అది నిలవదు. గాజులో ప్రతిబలం సడలిపోవడానికి పట్టే కాలం, స్నిగ్ధతను విరూపణ గుణకంతో భాగిస్తే వస్తుంది. మెత్తబడే ఉష్ణోగ్రత దగ్గర స్నిగ్ధత లక్ష కోట్ల పాస్కల్-సెకన్లు, గుణకం 20 గిగాపాస్కల్ చుట్టూ. అంటే సడలింపుకు నిమిషం చాలు. 290 డిగ్రీల దగ్గర అది సెకనులో చిన్న భాగమే. మీ ఓవెన్ నిమిషానికి 10 డిగ్రీల చొప్పున వేడెక్కిందనుకున్నా, 260 నుంచి 290కి చేరేలోపే పోగులోని వంపు ప్రతిబలం మొత్తం కరిగిపోయి ఉంటుంది. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు: చల్లారాక కడ్డీ మీద నుంచి తీసినప్పుడు పోగు నిటారుగా సాగిందా, చుట్టలాగే ఉండిపోయిందా? చుట్టలాగే ఉండిపోతే, స్ఫటికాలు పెరిగే సమయానికి అక్కడ నొక్కుడూ లేదు, లాగుడూ లేదు.

సమాధానం 2: కొలిమి పని (బెంగళూరు)

స్నిగ్ధ గారి లెక్కలకు నేను చేర్చగలిగేది చేతి అనుభవం. క్వార్ట్జ్ గొట్టాలున్న కొలిముల పక్కన నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. మీ ప్రశ్న చదవగానే నా మనసుకు తట్టింది ఒకే మాట: ఆ లోపలి వైపే కదా కడ్డీని తాకుతున్నది!

గాజులో స్ఫటికం సాధారణంగా ఉపరితలం మీద పుడుతుంది, అందులోనూ మురికి, గీత, తాకిడి ఉన్నచోట. క్వార్ట్జ్ గొట్టాన్ని వట్టి చేత్తో పట్టుకుని శుభ్రం చేయకుండా 1100, 1200 డిగ్రీల కొలిమిలో పెడితే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. వేళ్ల చెమటలోని సోడియం అంటుకున్న మేరకే క్రిస్టోబలైట్ అనే స్ఫటిక రూపం పుట్టుకొస్తుంది. గొట్టాన్ని బయటకు తీశాక వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, పట్టుకున్న వేళ్ల ఆకారంలోనే తెల్లని మసక మచ్చలు కనిపిస్తాయి. దగ్గరగా చూస్తే మచ్చ ఒకే పొరలా ఉండదు. గుండ్రని చిన్న చిన్న పువ్వులు ఒకదాని అంచు మరొకదానికి తగిలేదాకా పెరిగి ఆగినట్టు ఉంటుంది. గాలిలో తేమ ఉంటే ఈ పెరుగుదల ఇంకా వేగంగా సాగుతుంది. అందుకే గొట్టాన్ని ఎక్కించే ముందు ఆల్కహాల్‌తో తుడవడం, తర్వాత చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకపోవడం మా దగ్గర మినహాయింపు లేని నియమం.

ప్రతిబలం సంగతి వచ్చేది కొలిమిని చల్లార్చేటప్పుడు. సుమారు 200 నుంచి 270 డిగ్రీల మధ్య క్రిస్టోబలైట్ తన అధిక ఉష్ణోగ్రత రూపం నుంచి అల్ప ఉష్ణోగ్రత రూపానికి ఒక్కసారిగా మారి, ఘనపరిమాణంలో 5 శాతం దాకా కుంచించుకుపోతుంది. కింద ఉన్న గాజు మాత్రం కుంచించుకోదు. అప్పుడు టిక్కు టిక్కుమని శబ్దం వస్తుంది. మచ్చ నిండా పగుళ్లు వల అల్లుకుంటాయి, పెచ్చులు లేస్తాయి. అంటే ఇక్కడ ప్రతిబలం స్ఫటికాన్ని పుట్టించలేదు, స్ఫటికమే ప్రతిబలాన్ని పుట్టించింది. అయితే కథ అక్కడితో ఆగదు. ఆ పగుళ్ల అంచులే మళ్లీ వేడి చేసినప్పుడు కొత్త స్ఫటికాలకు చోటిస్తాయి. ఒకసారి మచ్చ పడి చల్లారిన గొట్టం రెండోసారి వేగంగా పాడవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే పాత గొట్టాలను పూర్తిగా చల్లార్చకుండా, పని లేనప్పుడు కూడా ఆ మార్పు జరిగే ఉష్ణోగ్రతకు పైనే ఉంచేవాళ్లు ఉన్నారు.

మీ పోగుకు స్టీలు కడ్డీ బదులు, రెండు చివర్లలో మాత్రమే పట్టి ఉంచి, మధ్య భాగం గాలిలో వంగి ఉండే ఏర్పాటు చేసి చూడండి. అప్పుడు కూడా స్ఫటికాలు లోపలి వైపునే వస్తే మీ వాదనకు కొంత బలం వస్తుంది.

గిండీ విద్యార్థిని:

ఇద్దరికీ కృతజ్ఞతలు. పోగు చుట్టలాగే ఉండిపోయింది, చేత్తో సాగదీసినా మళ్లీ అదే వంపుకు వస్తోంది. కడ్డీ తాకిన గీత వెంబడే స్ఫటికాలు ఉన్నాయన్న మాటా నిజమే; పక్కలకు జరిగేకొద్దీ అవి పలచబడుతున్నాయి.

అయితే ఒక సందేహం మిగిలే ఉంది. మీ ఇద్దరి వివరణా నిలకడగా ఉన్న ప్రతిబలానికి సంబంధించినది. పోగు లాగేటప్పుడు గాజు ప్రవహిస్తోంది, పొర మీద పొర జారుతోంది. అంతరిక్షంలో జెడ్‌బ్లాన్ లాగితే స్ఫటికాలు తగ్గుతాయన్న పరిశోధనల్లో కూడా ఈ షియర్ ప్రస్తావన వస్తుంది. భూమి మీద గురుత్వం వల్ల కరిగిన గాజు కదులుతుంది, ఆ కదలికలో దాని స్నిగ్ధత తగ్గి, అణువులు సులువుగా కలుసుకుని స్ఫటికాలవుతాయని వివరిస్తారు. ఇంట్లో పంచదార పాకాన్ని గరిటెతో కలియబెడితే పలుకు కట్టినట్టే ఇదీ జరుగుతుందని అనుకోవచ్చా?

సమాధానం 3: రాతినార (చెన్నై)

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది, కొంచెం నిడివిగా రాస్తున్నందుకు మన్నించండి. నేను బసాల్ట్ నార, గాజు నారలతో చేసే కాంపోజిట్‌ల పనిలో ఉన్నాను.

ప్రవాహం స్ఫటికీకరణను వేగవంతం చేయగలదన్నది నిజం. కరిగిన బసాల్ట్‌ను కలియబెడుతూ చల్లారిస్తే, కదపకుండా చల్లార్చినప్పటి కన్నా స్ఫటికాలు త్వరగానూ ఎక్కువగానూ పుడతాయని జపాన్ పరిశోధకులు 1986లోనే చూపారు. లావా ప్రవాహాల మీద తర్వాత జరిగిన పనులు కూడా అదే చెప్పాయి. మన వికారాబాదు, ఆదిలాబాదు వైపు పరుచుకున్న దక్కన్ నల్లరాయి కూడా ఒకప్పుడు ఇలా పారుతూ గడ్డకట్టినదే. కానీ ఈ ఉదాహరణల్లో కలియబెట్టడం చేసే పని ఏమిటో గమనించాలి. స్ఫటికం పెరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న ద్రవంలో దానికి కావలసిన పదార్థం తరిగిపోతుంది. కదలిక ఆ వాడిపోయిన పొరను తొలగించి తాజా ద్రవాన్ని అందిస్తుంది, పెరుగుతున్న స్ఫటికాల కొసలను విరిచి కొత్త బీజాలుగా చల్లుతుంది, గోడ మీద పుట్టిన స్ఫటికాలను లోపలికి మోసుకొస్తుంది. మీ పంచదార పాకంలో జరిగేదీ చాలావరకు ఇదే. ఇవన్నీ రవాణాకు సంబంధించిన పనులు, ఇందులో ప్రతిబలం అణువుల అమరికను మార్చడం లేదు.

అమరికనే మార్చే సందర్భాలు వేరే ఉన్నాయి. సహజ రబ్బరును బాగా సాగదీస్తే స్ఫటికాలు ఏర్పడతాయి, పెట్ ప్లాస్టిక్ సీసా ఊదేటప్పుడూ అంతే. అక్కడ పొడవైన గొలుసు అణువులున్నాయి. లాగితే అవన్నీ ఒకే దిశకు తిరిగి, స్ఫటికంలోని క్రమానికి సగం దూరం ముందే చేరుకుంటాయి. సిలికేట్ గాజులో అలాంటి గొలుసులు లేవు, నాలుగు దిక్కులా అల్లుకున్న వల ఉంది. ఫ్లోరైడ్ గాజులోనూ పొడవైన గొలుసులు లేవు. ఫాస్ఫేట్ గాజుల్లో మాత్రం, ముఖ్యంగా మెటాఫాస్ఫేట్‌లలో, గొలుసులే ఉంటాయి. వాటిని లాగిన పోగును క్రాస్ చేసిన పోలరాయిడ్‌ల మధ్య పెట్టి చూస్తే, గొలుసులు పోగు పొడవునా వరుస తీరాయని తెలిపే ద్వివక్రీభవనం కనిపిస్తుంది. లాగుడు వల్లనే స్ఫటికీకరణ దిశ మారడాన్ని గాజుల్లో ఎక్కడైనా వెతకదలచుకుంటే, నేనైతే ఫాస్ఫేట్ పోగుతోనే మొదలుపెడతాను.

ఇక ప్రవాహంలో స్నిగ్ధత తగ్గడం. సిలికేట్ గాజుల్లో ఇది కొలిచి చూసిన విషయమే. కానీ సాగే రేటు, సడలింపు కాలం, ఈ రెండింటి లబ్ధం వందో వంతుకు దగ్గరపడితేనే అది గుర్తించదగ్గ స్థాయికి వస్తుంది. ప్రతిబలం భాషలో చెప్పాలంటే 100 మెగాపాస్కల్ లేదా అంతకు పైమాట. నా పనిలోని ఈ-గ్లాస్ (కాంపోజిట్‌లలో వాడే మామూలు గాజు నార) తీసుకుందాం. ప్లాటినం-రోడియం బుషింగ్ (కరిగిన గాజును పట్టి ఉంచే పళ్లెం) కింద ఉన్న సన్నని రంధ్రాల నుంచి సుమారు 1200 డిగ్రీల దగ్గర, 100 పాస్కల్-సెకన్ల స్నిగ్ధతతో దిగే బొట్టును, సెకనుకు పదుల మీటర్ల వేగంతో, 10 నుంచి 20 మైక్రోమీటర్ల పోగుగా లాగుతారు. సాగే రేటు సెకనుకు కొన్ని వేలు ఉండవచ్చు, వినడానికి భయంకరంగా ఉంటుంది. సడలింపు కాలం మాత్రం సెకనులో కోటో వంతు కన్నా తక్కువ. లబ్ధం వేలో వంతుకు కూడా చేరదు. పోగు చల్లబడేది సెకనుకు లక్షల డిగ్రీల చొప్పున, కనుక ఆ కొన్ని మిల్లీసెకన్లలో స్ఫటికం పుట్టి పెరగడానికి వ్యవధే లేదు. ఈ-గ్లాస్‌లో కనిపించే స్ఫటికాలు లాగేటప్పుడు వచ్చినవి కావు. బుషింగ్ మూలల్లో, కొలిమి కాలువల్లో గాజు కదలకుండా నిలిచి చల్లబడినచోట పుట్టి, కొట్టుకొచ్చి రంధ్రం దగ్గర పోగును తెంపేవి అవి. ఈ పరిశ్రమలో స్ఫటికానికి శత్రువు ప్రవాహం, మిత్రుడు నిలకడ. అందుకే పోగు లాగే ఉష్ణోగ్రతకూ స్ఫటికాలు పుట్టగల గరిష్ఠ ఉష్ణోగ్రతకూ మధ్య ఎడం ఎంత ఉందన్నదే మేము మొదట అడిగే ప్రశ్న.

అంతరిక్షం సంగతి. 1990లలో నాసా మార్షల్ కేంద్రం పరిశోధకులు కేసీ-135 విమానాన్ని పరావలయ మార్గంలో నడిపి, ఒక్కో విడతలో దొరికే 20 సెకన్ల పైచిలుకు భారరహిత స్థితిలో జెడ్‌బ్లాన్ పోగులను వేడి చేసి చల్లార్చారు. భారరహిత స్థితిలో స్ఫటికాలు కనిపించలేదు, నేల మీద కనిపించాయి, రెట్టింపు గురుత్వంలో ఇంకా పెరిగాయి. 2024లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 11 కిలోమీటర్లకు పైగా ఈ పోగును లాగారు కూడా. ఫలితాన్ని నేను శంకించడం లేదు, షియర్ వల్ల స్నిగ్ధత తగ్గుతుందన్న వివరణ దగ్గరే నాకు పేచీ. ఈ గాజు సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 4.3 గ్రాములు. 10 మిల్లీమీటర్ల మందం గల గాజులో తన బరువు వల్ల కలిగే ప్రతిబలం 400 పాస్కల్ చుట్టూ ఉంటుంది, సన్నని పోగులో కొన్ని పాస్కల్‌లే. కావలసింది 100 మెగాపాస్కల్! లక్షల రెట్ల తేడా ఇది. బరువు వల్ల పోగు వంగి గోడను తాకడం, కరిగిన గాజులోని భాగాలు సాంద్రతను బట్టి విడిపోవడం, ఉష్ణ సంవహనం స్ఫటికాలకు తాజా పదార్థాన్ని అందించడం, ఈ మూడూ ఆ ఫలితానికి ఎక్కువ దగ్గరి కారణాలని నేను అనుకుంటాను. కొలిమి పని గారు చెప్పిన తాకిడి ఇక్కడ కూడా ఉండవచ్చు.

సమాధానం 4: స్నిగ్ధ (బెంగళూరు)

రాతినార గారు చెప్పిన నిలకడ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒక్క సవరణ చేయాలి. పోగు మెడ కింద భాగంలో గాజు గట్టిపడుతున్నప్పుడు సడలింపు కాలం వేగంగా పెరుగుతుంది, సాగే రేటు తగ్గుతుంది. ఆ రెండూ దాటుకునేచోట కొంత వికృతి పోగులో గడ్డకట్టి ఉండిపోతుంది. అందుకే లాగిన పోగు, అదే కూర్పు గల దిమ్మ, ఒకే గాజు కావు. పోగు వేగంగా చల్లారింది కాబట్టి దాని నిర్మాణం విశాలంగా ఉంటుంది, పైగా లాగిన దిశను కొంత గుర్తుంచుకుంటుంది. మళ్లీ వేడి చేసినప్పుడు ఈ జ్ఞాపకం మెత్తబడే ఉష్ణోగ్రతకు దిగువనే చెరగడం మొదలవుతుంది.

దీనికీ మీ ప్రయోగానికీ సంబంధం ఉంది. దిమ్మను, పోగును పక్కపక్కన డీఎస్‌సీలో (వేడి చేస్తూ పోతే స్ఫటికీకరణను గ్రాఫులో శిఖరంగా చూపే పరికరం) పెట్టి, పోగు ముందుగా స్ఫటికీకరించిందని చూపి, అది ప్రతిబలం వల్లనేనని రాసే పొరపాటు సులువుగా జరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీతో పోలిస్తే 125 మైక్రోమీటర్ల పోగుకు ఘనపరిమాణానికి తగిన ఉపరితలం 80 రెట్లు ఎక్కువ. స్ఫటికం ఉపరితలం మీద పుట్టేదైతే ఆ ఒక్క కారణమే శిఖరాన్ని దించడానికి చాలు. పోలిక ఎప్పుడూ ఒకే చుట్టలోని ఇరుగుపొరుగు ముక్కల మధ్యే జరగాలి.

నా సూచన ఇది. ఒకే చుట్ట నుంచి వరుసగా ముక్కలు తీసి, కోటింగ్ తొలగించి, నిలువు ఓవెన్‌లో పై చివర మాత్రమే పట్టి వేలాడదీయండి. పట్టిన చోటు వేడి భాగానికి బయట ఉండాలి. వేడిలో ఉన్న పొడవును ఏదీ తాకకూడదు. కొన్నింటికి కింద బరువు కట్టండి, కొన్నింటిని ఖాళీగా వదలండి, అన్నీ ఒకే సమయంలో ఒకే ఓవెన్‌లో ఉండాలి. 1 గ్రాము బరువు 125 మైక్రోమీటర్ల పోగు మీద 0.8 మెగాపాస్కల్ ప్రతిబలం ఇస్తుంది. స్నిగ్ధత 1000 కోట్ల పాస్కల్-సెకన్లు ఉండే ఉష్ణోగ్రత దగ్గర పోగు గంటకు సుమారు 10 శాతం సాగుతుంది. అంతకన్నా ఎక్కువ సాగనివ్వకండి, ఎందుకంటే సాగినప్పుడు తాజా ఉపరితలం బయటపడుతుంది, తేమకు తట్టుకోలేని ఈ గాజులో అది కొత్త చరరాశి అవుతుంది. వంపుతో పెట్టిన ప్రతిబలం సడలిపోతుంది. బరువుతో పెట్టినది ఆఖరి వరకూ నిలుస్తుంది. ఈ పద్ధతికి ఉన్న గొప్ప లాభం అదే.

గిండీ విద్యార్థిని:

బరువు తగ్గిస్తే సాగడం తగ్గుతుంది గానీ ప్రతిబలం కూడా తగ్గుతుంది కదా. అంత చిన్న ప్రతిబలం దగ్గర తేడా ఏమీ కనిపించకపోతే, దానిని ఫలితంగా రాయవచ్చా?

స్నిగ్ధ:

తప్పకుండా రాయవచ్చు, కానీ హద్దు చెప్పి రాయాలి. 0.8 మెగాపాస్కల్ దగ్గర బీజాల రేటు శాతానికి మించి మారదని లెక్క ముందే చెబుతోంది. కాబట్టి అక్కడ తేడా లేకపోవడం లెక్కను బలపరుస్తుంది, ప్రతిబలానికి ఎక్కడా ప్రభావం లేదని మాత్రం నిరూపించదు. పెద్ద ప్రతిబలం కావాలంటే మెత్తబడే ఉష్ణోగ్రతకు కాస్త దిగువకు వెళ్లండి. అక్కడ సడలింపు గంటల్లోకి వెళుతుంది, పోగు పదుల మెగాపాస్కల్‌లను సాగకుండా మోస్తుంది. బీజాలు అక్కడ మెల్లగానైనా పుడుతూనే ఉంటాయి, పెరుగుదల మాత్రం కంటికి కనిపించదు. కొన్ని గంటలు బరువుతో ఉంచి, బరువు తీసేసి, ఖాళీ ముక్కలతో కలిపి 300 డిగ్రీలకు తెచ్చి కొద్ది నిమిషాలు పెరగనివ్వండి. ప్రతిబలం కింద పుట్టిన బీజాలు అప్పుడు లెక్కపెట్టగలిగే స్ఫటికాలవుతాయి. ఉపరితలం మీదివీ లోపలివీ వేరుగా లెక్కపెట్టండి, ఎందుకంటే లోపలి లెక్క మాత్రమే మీ ప్రశ్నకు జవాబు.

కొలిమి పని:

ముక్కలు వేలాడదీసేటప్పుడు వేడి భాగాన్ని వేళ్లతో ముట్టుకోకండి, పట్టకారుతో కూడా చివరనే పట్టుకోండి. కోటింగ్ తీసిన ద్రావణిలో నీటి జాడ లేకుండా చూసుకోండి. ఖాళీ ముక్కలకూ బరువు కట్టిన ముక్కలకూ ఒకే సీసాలోని ద్రావణి వాడటం మంచిది.